మీరావలి మైకు బండి

మా రాళ్ళమెట్ట పురపాలక సంఘం నీటి విభాగంలో నేను జూనియర్ అసిస్టెంటుని. ఇరవై రెండేళ్ళ సర్వీసులో మెమోలు, సర్క్యులర్లు, సంజాయిషీ నోటీసులు ఎన్ని టైపు చేశానో నాకే లెక్క తెలియదు. మీరావలి ఫైలు మొదటి కాగితం నుంచి చివరి కాగితం దాకా నా చేతి మీదుగానే నడిచింది. ఊళ్ళో దాని గురించి రకరకాలుగా చెప్పుకుంటున్నారు గనక, జరిగింది జరిగినట్టు నేనే చెబితే మంచిదనిపించింది. మా ఆఫీసంటే నాకు గౌరవం. ఆ గౌరవానికి భంగం కలిగించే మాట ఒక్కటి కూడా ఇందులో ఉండదు.

నూర్‌బాషా మీరావలి మా దగ్గర వాల్వు ఆపరేటరు. అంటే, వీధి మొదట్లో ఉండే గుంట మూత తీసి, ఇనప కడ్డీ లోపలికి దించి, వాల్వు తిప్పి కుళాయిలకు నీళ్ళు వదిలే మనిషి. ఏడో వార్డు అతనిది. వయసు యాభై దాటింది. మాట తక్కువ. పాత మోటారుసైకిలు ఒకటుంది. దాని పక్కన వాల్వు కడ్డీని తుపాకీలాగా కట్టుకుని వీధులన్నీ తిరిగేవాడు.

ఏడో వార్డుకు మూడు రోజులకొకసారి నలభై నిమిషాలు నీళ్ళు వచ్చేవి. ఏ పూట వస్తాయో చెప్పలేం. ఒకసారి తెల్లారి ఆరింటికి, ఒకసారి పదకొండింటికి, ఒకసారి సాయంత్రం దీపాలు పెట్టే వేళకు. ఇందులో నీళ్ళ తప్పేమీ లేదు. ట్యాంకు నిండినా, ఏ వార్డుకు ఎప్పుడు వదలాలో ఆఫీసు నుంచి ఆదేశం వెళ్ళాలి. ఆదేశం మీద ఇంజనీరు గారి సంతకం ఉండాలి. ఇంజనీరు గారు ఎప్పుడు సీట్లో ఉంటారో ఆయనకే తెలియదు. సంతకం అయ్యాక నేను మీరావలికి ఫోన్ చేస్తాను. అతను ట్యాంకు దగ్గరి పెద్ద వాల్వు తిప్పాక నీళ్ళు వార్డుకు చేరడానికి ఇంకో గంట.

ఆ వార్డులో కోటమ్మ అని ఒకామె ఉంది. భర్త లేడు. మంచం మీద ఉన్న అత్తగారిని కడిగి, బట్టలుతికి, వండిపెట్టి, పొగాకు కంపెనీలో గ్రేడింగు పనికి పోతుంది. అక్కడ ఎనిమిదింటికి గేటు మూసేస్తారు. నీళ్ళ కోసం కాచుకుని మూడుసార్లు ఆలస్యమయింది. మూడోసారి మేస్త్రి ఆమె పేరు కొట్టేశాడు. కోటమ్మ గేటు దగ్గర నుంచి తిన్నగా మీరావలి ఉన్న వాల్వు గుంట దగ్గరకు వచ్చింది.

"మీరావలన్నా, నీకు దణ్ణం పెడతా. నీళ్ళెప్పుడొదులుతావో ఒక్క మాట ముందు చెప్పు" అంది.

"నాకే తెలవదమ్మా. ఆఫీసోళ్ళు ఫోన్ చేస్తే గదా."

"చేసినప్పుడన్నా చెప్పొచ్చుగా? చెయ్యకపోతే చెయ్యలేదని చెప్పొచ్చుగా? రావని తెలిస్తే ఆ బిందె ఆడ పడేసి పనికి పోతాంగా మేం. వస్తయ్యో రావో తెలవకే మా బతుకు తెల్లారిపోతంది."

"మూడొందల గడప. ఎన్నిళ్ళకని చెప్పేది?"

"అరిచి చెప్పు."

చిక్కంతా అక్కడే ఉంది. మీరావలికి అరవడం చేతకాదు. మరుసటి రోజు పొద్దున ప్రయత్నించాడట. రెండో ఇంటి దగ్గరకు వచ్చేసరికి దగ్గు పట్టుకుంది. మూడో ఇంటివాళ్ళు మంచినీళ్ళు ఇచ్చి పంపించారు.

ఆ ఆదివారం అతను బస్టాండు పక్కన రేడియోలు బాగుచేసే బ్రహ్మాచారి కొట్టుకు బండి తోలుకెళ్ళాడు.

"దీనికి మైకు పెట్టాలి, ఆచారీ. చవకలో."

"పాటలకా?"

"పాట గాదు. మాట."

"మాటయితే కరెంటు తక్కువ తింటదిలే" అని బ్రహ్మాచారి పని మొదలుపెట్టాడు. తుక్కుకిచ్చేసిన ఆటోలోంచి తీసిన చిన్న ఆంప్లిఫయరు, దాని తోటిదే ఒక జత స్పీకర్లు, పెన్‌డ్రైవు గుచ్చుకునే ఒక చిన్న బోర్డు. స్పీకర్లకు డబ్బాలు కొనే పని లేకుండా ఇంజనాయిలు క్యాన్లు రెండు అడ్డంగా కోసి, వాటిలో బిగించి, ముందు కాలిగార్డుకు చెరోపక్క క్లాంపులేశాడు. వాన పడినా తడవవు. ఆంప్లిఫయరు సీటు కింద దూర్చాడు. బ్యాటరీ నుంచి వైరు లాగి మధ్యలో ఫ్యూజు పెట్టాడు. హ్యాండిలు దగ్గర ఒక మీట. ఫ్యూజు ఎందుకని మీరావలి అడిగితే, "ఇది లేకపోతే ఏదోక రోజు నువ్వు వార్డుకు మంటల్తో పోతావు" అన్నాడు.

మీట నొక్కితే మొదట గుర్రుమంది. సౌండు పెంచినప్పుడల్లా హెడ్‌లైటు మసకబారింది. ఇంజను నెమ్మదిగా తిరుగుతుంటే గొంతు సాగిపోయి, ఎక్సలేటరు ఇస్తే సర్దుకుంటోంది.

"బ్యాటరీ ముసల్ది. బండి ఆపి మైకెయ్యబాక, మళ్ళా కిక్కు కొట్టినా లేవదు" అని బ్రహ్మాచారి హెచ్చరించాడు.

గొంతు మాత్రం మీరావలి భార్య హుసేనమ్మది. కూరగాయల మార్కెట్లో ఇరవయ్యేళ్ళు టమాటాలు అమ్మిన గొంతు అది. ఫోనులో రెండు ముక్కలు రికార్డు చేసింది. ఒకటి: "అమ్మలారా, ఇంకో గంటలో నీళ్ళొస్తన్నయ్. బిందెలు పెట్టుకోండి." రెండోది: "ఇయ్యాల పొద్దున నీళ్ళు రావు. పనులకు పొయ్యేవాళ్ళు పొండి."

అంతే. రోజూ పొద్దున ఏడింటికి మీరావలి నాకు ఫోన్ చేసి, సంతకం అయిందా లేదా అని కనుక్కుని, ఆ రెండింటిలో ఏదో ఒకటి వేసుకుంటూ వార్డంతా ఒక చుట్టు తిరిగేవాడు. నీళ్ళు రాని రోజున జనం తిట్టుకుంటూనే పనులకు పోయారు. మధ్యాహ్నం వస్తాయని తెలిస్తే, ఇంట్లో ఉండేవాళ్ళు పక్కింటివాళ్ళ బిందె కూడా పట్టి పెట్టారు. కోటమ్మ మేస్త్రిని బతిమాలుకుని సోమవారం నుంచి మళ్ళీ పనిలో చేరింది. రెండు నెలలు ఏడో వార్డు నుంచి మా ఆఫీసుకు ఫిర్యాదు రాలేదు.

ఫిర్యాదులు రాకపోవడంతోనే మా కమిషనర్ పరాంకుశరావు గారికి అనుమానం వచ్చింది. వాకబు చేయించి, విషయం తెలుసుకుని, నన్ను పిలిచి మెమో చెప్పి రాయించారు.

"మీరు ఏడవ వార్డునందు ద్విచక్ర వాహనముపై అనుమతి లేని ధ్వనివర్ధక యంత్రమును అమర్చుకొని, కార్యాలయ రహస్యమైన నీటి విడుదల సమయమును ప్రజలకు ముందుగా వెల్లడించుచున్నట్లును, అంతియేగాక 'నీళ్ళు రావు' అను ప్రతికూల ప్రచారము గావించుచున్నట్లును మా దృష్టికి వచ్చియున్నది. మీపై క్రమశిక్షణా చర్య ఏల తీసుకొనరాదో మూడు దినములలో సంజాయిషీ ఇచ్చుకొనవలెను."

మీరావలి ఆ కాగితం పట్టుకుని నా బల్ల దగ్గరకు వచ్చాడు. చదివి చెప్పాను.

"నీళ్ళెప్పుడొస్తయ్యో ఆఫీసులో ఎవురికీ తెలవదు గదా సార్. రహస్యం ఎట్టయిద్ది?"

"ఎవరికీ తెలియదు గనకే రహస్యం" అన్నాను. అతను అది నిజమేనన్నట్టు తలాడించాడు. సంజాయిషీ నన్నే రాసిపెట్టమన్నాడు. మెమో టైపు చేసినవాడే సంజాయిషీ కూడా రాయకూడదని నిబంధనేమీ లేదు గనక రాసిచ్చాను.

మూడో రోజున రాజధాని నుంచి డైరెక్టరు గారు తనిఖీకి వచ్చారు. ఆయన కారు ఏడో వార్డు సందులో గేదెల వల్ల ఆగిపోయింది. అదే సమయానికి హుసేనమ్మ గొంతు వినిపించింది. తలుపులు తెరుచుకున్నాయి. ఆడవాళ్ళు తీరిగ్గా బిందెలు తెచ్చి వరసగా పెట్టుకున్నారు. తోపులాట లేదు, జుట్లు పట్టుకోవడం లేదు. మునిసిపల్ కుళాయి దగ్గర అంత ప్రశాంతత డైరెక్టరు గారు తన ఉద్యోగంలో ఎన్నడూ చూడలేదట.

"పరాంకుశరావు గారూ, ఏమిటిది? ఎవరి ఆలోచన?" అని అడిగారు.

కమిషనర్ గారు అరక్షణం కూడా తడుముకోలేదు. "మనదే సార్. ప్రయోగాత్మకంగా అమలుపరుస్తున్నాం."

సాయంత్రం నాకు ఆదేశం వచ్చింది. మెమో నంబరు మార్చకుండా, అదే తేదీతో ప్రశంసాపత్రం టైపు చేశాను. 'అనుమతి లేని' అన్నచోట 'వినూత్నమైన' అని, 'క్రమశిక్షణా చర్య' అన్నచోట 'శాలువా' అని పెట్టాను. మిగతా వాక్యాలు పెద్దగా మార్చాల్సిన అవసరం రాలేదు.

అట్లా పుట్టింది జలఘోష పథకం. ఊళ్ళో తొమ్మిది వార్డుల వాల్వు ఆపరేటర్లూ తమ బండ్లకు మైకు సెట్లు పెట్టుకోవాలని ఉత్తర్వు వెలువడింది. మీరావలికి ధ్వని సమన్వయకర్త అని హోదా ఇచ్చారు. అది రాసి ఉన్న బ్యాడ్జీ తీసుకెళ్ళి ఇంట్లో చూపిస్తే, హుసేనమ్మ "ఇది పెట్టుకుంటే నీకు గొంతు లేచిద్దా?" అని అడిగిందట.

తరవాతి సమావేశంలో ఆమె గొంతు మీదే చర్చ జరిగింది. ప్రభుత్వ సర్వీసులో లేని వ్యక్తి ప్రభుత్వ ప్రకటన చేయడం చెల్లదన్నారు. పైగా ఆ ప్రకటన ఒక్క ముక్కలో అయిపోతోంది. పురపాలక సంఘం స్థాయికి అది చాలదు. అందుకని ఐదుగురితో పాఠ్య నిర్ణయ ఉపసంఘం వేశారు. ఉపసంఘం నెల రోజులు కూర్చుని ప్రకటన తయారుచేసింది. కమిషనర్ గారే స్వయంగా చదివి రికార్డు చేయించారు. దాన్ని నేను అరవైసార్లు విన్నాను గనక ఇప్పటికీ నోటికి వచ్చు.

"గౌరవనీయ పౌర మహాశయులారా! రాళ్ళమెట్ట పురపాలక సంఘము పక్షమున మీకు సాదర వందనములు. అహర్నిశలు మీ సేవలో నిమగ్నమైయున్న కమిషనర్, ఉభయ శాస్త్రములందు స్నాతకోత్తర పట్టభద్రులు, పరిపాలనా దక్షులు శ్రీ పరాంకుశరావు గారి దిశానిర్దేశమున..." అని మొదలై, తడిచెత్త పొడిచెత్త మీదుగా, దోమల నివారణ, ఆస్తిపన్ను సకాల చెల్లింపు, కుక్కలకు టీకాలు, మొక్కల పెంపకం అన్నీ దాటి, చివర "జలప్రసారము జరుగబోవుచున్నది గాన పాత్రలతో సంసిద్ధులు కావలసినదిగా మనవి" అని ముగుస్తుంది. మొత్తం నాలుగున్నర నిమిషాలు.

బండి నాలుగున్నర నిమిషాల్లో చాలా దూరం పోతుంది. అందువల్ల ఒక్కో ఇంటికి ఒక్కో ముక్క దక్కింది. మొదటి సందువాళ్ళకు రోజూ వందనాలు అందాయి. మధ్య సందువాళ్ళు కుక్కలకు టీకాలే విన్నారు. జలప్రసారం సంగతి వార్డు చివర ఇటుకల బట్టీ దగ్గర వినపడేది. అక్కడ ఇళ్ళు లేవు.

"మా ఇంటి ముందరికొచ్చేసరికి ఎప్పుడూ ఆ సారు చదువే వస్తదయ్యా" అని కోటమ్మ మీరావలిని నిలదీసింది. "ఆయనెంత చదివితే నాకెందుకు? నీళ్ళొస్తయ్యా, రావా?"

"రావని చెప్పేది తీసేశారమ్మా."

"ఎందుకని?"

"మంచిమాటలే చెప్పమన్నారు."

ప్రతికూల ప్రచారం కూడదని రెండో రికార్డును ఉపసంఘం పూర్తిగా రద్దు చేసింది. ఒక్కటే ప్రకటన మిగిలింది గనక, నీళ్ళు వచ్చినా రాకపోయినా రోజూ అదే వేశారు.

ఇంతలో శబ్ద పరిమితి సమస్య వచ్చింది. మునిసిపాలిటీ తానే చట్టాన్ని ఉల్లంఘిస్తే ఎట్లా? కుటుంబరావు అనే ఆయన్ని శబ్ద పరిశీలకుడిగా నియమించారు. చేతిలో చిన్న మీటరుతో ఆయన మీరావలి బండి వెనక కూర్చునేవాడు. మొదటి రోజే నివేదిక ఇచ్చాడు: ప్రకటన పరిమితిలోనే ఉంది, బండి సైలెన్సరు మోత పరిమితి దాటుతోంది. ఫైలు కమిషనర్ గారి దగ్గరకు వెళ్ళి వచ్చింది. 'ప్రకటన జరుగు సమయమున వాహన ఇంజను నిలుపుదల చేయవలెను' అని ఉత్తర్వు.

ఇంజను ఆపాక బండి నడవదు గనక మీరావలి దాన్ని తోసుకుంటూ పోవాల్సి వచ్చింది. కుటుంబరావు మీటరు ఎత్తిపట్టుకుని పక్కనే నడిచేవాడు. చూసినవాళ్ళు ఏదో ఊరేగింపు అనుకుని చేతులు జోడించేవాళ్ళు. బ్రహ్మాచారి చెప్పినట్టే మూడో సందు తిరిగేసరికి బ్యాటరీ దిగిపోయి, కమిషనర్ గారి గొంతు బావిలోంచి వచ్చినట్టు సాగి, సాగి, 'స్నాతకో...' దగ్గర ఆగిపోయేది. అప్పుడు కిక్కు కొట్టడానికి వీల్లేదు. ప్రకటన ఇంకా పూర్తి కాలేదు గదా.

ఇన్ని పనుల్లో వాల్వు ఎవరు తిప్పాలి అనే ప్రశ్న వచ్చింది. ప్రకటన విధుల్లో ఉన్న ఉద్యోగి అదే సమయంలో మరో విధి నిర్వర్తించరాదు. ప్రకటన ముగిసేసరికి మధ్యాహ్నం అవుతోంది. పైగా ప్రకటన వినపడనివాళ్ళకు అన్యాయం జరగకూడదని ఇంకో ఉత్తర్వు వచ్చింది. ప్రకటన పూర్తిగా విన్నట్టు సందుకు ఐదుగురు గృహస్థులు ఫారం మీద సంతకం చేయాలి. అప్పుడే నీళ్ళు వదలాలి. జనమేమో నీళ్ళొస్తేనే సంతకం పెడతామన్నారు. ఆ ఫారం నేను తయారుచేసిందే. నీళ్ళు వచ్చిన తరవాత సంతకం తీసుకునే వీలు అందులో లేదు.

పదకొండు రోజులు ఊళ్ళో ఎవరికీ నీళ్ళు రాలేదు. ట్యాంకు మాత్రం నిండి పొర్లింది. ట్యాంకు కింద కాపలావాడి పెళ్ళాం వేసిన గోంగూర మనిషెత్తు పెరిగింది.

రాజధానికి వెళ్ళే రోజువారీ నివేదికలో 'ప్రకటన శాతం' అనే గడి కొత్తగా చేర్చాం. అది వంద. గడులు ఎక్కువై కాగితం వెడల్పు చాలకపోవడంతో 'నీటి సరఫరా' గడి తీసేశాను. కావాలని చేసింది కాదు. అన్నిటికంటే సన్నగా ఉన్న గడి అదే. వారం తిరక్కుండా రాళ్ళమెట్టకు ప్రథమ స్థానం వచ్చింది. డైరెక్టరు గారు స్వయంగా ప్రదర్శన చూడటానికి వస్తున్నారని కబురు వచ్చింది. ప్రదర్శన ఏడో వార్డులో, కోటమ్మ ఇంటి ముందర.

ఆ రోజు ఉదయం పదింటికి షామియానా వేశారు. ప్రదర్శన కోసమని ట్యాంకు దగ్గరి పెద్ద వాల్వు ముందే తిప్పించి ఉంచారు గనక, ఇక వీధి వాల్వు ఒక్కటే తిప్పాలి. డైరెక్టరు గారు, కమిషనర్ గారు కుర్చీల్లో కూర్చున్నారు. నేను ఫైలు పట్టుకుని వెనక నిలబడ్డాను. ఆడవాళ్ళు బిందెలు తెచ్చుకుని కుళాయి ముందు నిలబడ్డారు. కోటమ్మ ఆ రోజు పనికి పోలేదు. పదకొండు రోజులుగా ఆమె బోరున్న ఇళ్ళ వెంట తిరిగి అడుక్కున్న నీళ్ళతో అత్తగారిని కడుగుతోంది. నిద్రలేక కళ్ళు లోపలికి పోయాయి. మేస్త్రి ముందు రోజే మళ్ళీ గట్టిగా చెప్పాడట, ఇంకొక్కసారి ఆలస్యమైతే రావద్దని.

మీరావలి బండి తోసుకుంటూ వచ్చాడు. పక్కన కుటుంబరావు. కొత్త బ్యాటరీ వేయించారు గనక కమిషనర్ గారి గొంతు స్పష్టంగా ఉంది. ఆ ఒక్క రోజుకీ బండిని ఒకేచోట నిలబెట్టి వినిపించారు. తడిచెత్త దగ్గరకు వచ్చేసరికి డైరెక్టరు గారు ముగ్ధులయ్యారు. చెయ్యెత్తి సౌండు తగ్గించమని, కోటమ్మను దగ్గరకు పిలిచారు.

"ఏమ్మా, ప్రకటన బాగా వినిపిస్తోందా?"

"వినిపిస్తంది సార్."

"రోజూ వినిపిస్తోందా?"

"రోజూ."

"మరి సంతృప్తేనా?"

కోటమ్మ చేతిలో ఖాళీ బిందె తిరగేసి చూపించింది. "చెవులు నిండినయ్ సార్. బిందె నిండలా."

డైరెక్టరు గారు నోటుపుస్తకం తీశారు. "చెవులు నిండాయి, అంటోంది. చాలా మంచి మాట. లబ్ధిదారు సొంత మాటల్లో" అని రాసుకున్నారు.

అప్పుడు నేను మీరావలి మొహం చూశాను. కోపం లేదు. ఏదో పోయినదాన్ని వెతుకుతున్నట్టు ఆ తిరగేసిన బిందెనే చూస్తున్నాడు. తరవాత బండికి స్టాండేసి, కట్టు విప్పి, ఇనప కడ్డీ తీసుకుని వాల్వు గుంట వైపు నడిచాడు.

"మీరావలీ!" అని కమిషనర్ గారు లేచారు. "ప్రకటన ఇంకా పూర్తి కాలేదు!"

మీరావలి వెనక్కి తిరిగాడు. ఇరవయ్యేళ్ళలో అతను పై అధికారికి ఎదురు మాట్లాడటం నేను విన్నది ఆ ఒక్కసారే. అది కూడా చిన్న గొంతుతోనే.

"అది పూర్తి కాదు సార్. ఆ ముసలామెను కడగాల."

మూత తీశాడు. కడ్డీ దించాడు. పదమూడు చుట్లు తిప్పాడు.

పదకొండు రోజులు గొట్టాల్లో ఆగిన గాలి ముందు బుసకొట్టింది. ఆ తరవాత నీళ్ళు ఒక్కసారిగా ఎగదన్నాయి. కుళాయి తల ఊడి షామియానా మీద పడింది. నీళ్ళు డైరెక్టరు గారి కుర్చీ దాకా చిమ్మాయి. ఆయన కుర్చీ మీదికి ఎక్కారు. ఆడవాళ్ళు ఆయన్ని అటూ ఇటూ తప్పించి బిందెలు పెట్టారు. కోటమ్మ రెండు బిందెలు నింపుకుని, మూడోది నెత్తిన గుమ్మరించుకుని, మెట్ల మీద కూర్చుని ఏడ్చింది. కుటుంబరావు ఒక్కడే విధి మరవలేదు. బిందెల్లో నీళ్ళు పడే చప్పుడు పరిమితి దాటిందని నమోదు చేసుకున్నాడు.

సాయంత్రానికి మీరావలిని సస్పెండు చేశాం. 'ప్రకటన పూర్తికాకమునుపే ఉద్దేశపూర్వకముగా నీరు వదిలినందులకు.' బండీ, మైకు సెట్టూ సాక్ష్యం కింద స్వాధీనం చేసుకుని రికార్డు గదిలో పెట్టాం. ఆంప్లిఫయరుకు ఒక చీటీ, ఇంజనాయిలు క్యాన్లకు చెరొక చీటీ నేనే అంటించాను. మీరావలి సంతకం చేసి, బ్యాడ్జీ బల్ల మీద పెట్టి, నడిచి ఇంటికి పోయాడు. అతని ఉద్యోగం పోతుందనే మేమంతా అనుకున్నాం. ఆ వారం అతని భార్య మళ్ళీ మార్కెట్లో టమాటాల గంప పెట్టింది.

విచారణకు పక్క పట్టణం నుంచి వైకుంఠం గారనే అధికారి వచ్చారు. ఏడో వార్డు పాఠశాలలో బల్ల వేసి సాక్షుల్ని పిలిచారు. నేను వాంగ్మూలాలు రాసుకున్నాను. మొదటి సాక్షి కోటమ్మ.

"ఆ రోజు ప్రకటన పూర్తి కాకుండా కుళాయికి నీళ్ళు వచ్చాయా?"

"నీళ్ళా? యాడ సార్?"

"మీ ఇంటి ముందర."

"మేం జూడలా."

వైకుంఠం గారు కళ్ళజోడు సవరించుకున్నారు. "డైరెక్టరు గారి బట్టలు తడిశాయని ఫైలులో ఉంది."

"చెమటేమో సార్. పెద్దాయన్ని తీసకొచ్చి ఎండలో కూకోబెట్టారు పాపం."

రెండో సాక్షి కూడా అదే చెప్పింది. మూడో ఆమె, తనకు నీళ్ళు చూసి ఎన్నాళ్ళయిందో గుర్తు లేదంది. మధ్యాహ్నానికి మూడు వందల గడపల నుంచీ ఒకటే మాట. ఎవరు ఎవరికి చెప్పారో, ఎప్పుడు అనుకున్నారో నాకు తెలియదు. వార్డులో ఇద్దరు ఒక మాట మీద నిలబడటం నేను అంతకు ముందు చూసి ఎరగను.

డైరెక్టరు గారికి రాస్తే, తాను కుర్చీ ఎక్కిన సంగతి రికార్డుల్లోకి రావడం ఇష్టంలేక, ఆ సమయంలో ఏమీ గమనించలేదని జవాబిచ్చారు. చివరికి కమిషనర్ గారిని అడిగారు. ఆయన చాలాసేపు ఆలోచించారు. ప్రకటన పూర్తి కాకుండానే నీళ్ళు వచ్చాయంటే, నీళ్ళకు ప్రకటన అక్కర్లేదని తేలుతుంది. పథకం ఏమవుతుంది? ప్రథమ స్థానం ఏమవుతుంది?

"రాలేదు" అన్నారు.

వైకుంఠం గారి నివేదిక నేనే టైపు చేశాను. నా సర్వీసులో అంత పొందికైన కాగితం ఇంకొకటి చూడలేదు. "ప్రకటన పూర్తికానిదే నీరు విడుదల కాదని నిబంధన. సదరు దినమున ప్రకటన పూర్తికాలేదు. కావున నీరు రాలేదు. రాని నీటిని వదిలినాడనుట అసంబద్ధము. నేరారోపణ కొట్టివేయడమైనది."

మీరావలిని తిరిగి పనిలోకి తీసుకున్నాం. బండి ఇచ్చేశాం. మైకు సెట్టు మాత్రం సాక్ష్యం గనక ఇవ్వలేదు. సెట్టు లేనందువల్ల ఏడో వార్డులో ప్రకటన చేసే వీలు లేదు. ప్రకటన లేనందువల్ల అక్కడికి నీళ్ళు రావని ఆఫీసు రికార్డు. నీళ్ళు రాని వార్డుకు విడుదల ఆదేశాలు అక్కర్లేదు. ఇంజనీరు గారి సంతకమూ అక్కర్లేదు, నేను ఫోన్ చేసే పనీ లేదు.

ఎవరూ ఫోన్ చేయకపోవడంతో మీరావలి రోజూ తెల్లారకముందే పెద్ద వాల్వు తిప్పి వచ్చి, పొద్దున ఆరింటికి వీధి వాల్వు తిప్పడం మొదలుపెట్టాడు. ఆరంటే ఆరే. మూడు రోజులకొకసారి కాదు, రోజూ. ట్యాంకు నిండా నీళ్ళున్నాయి, మిగిలిన ఎనిమిది వార్డుల్లో ప్రకటనలు సాగుతూనే ఉన్నాయి గనక వాటి వాటా కూడా మిగిలే ఉంది. వార్డులో ఒక్కరూ నోరు మెదపలేదు. చప్పుడు కాకుండా బిందె అడుగున గోనెగుడ్డ వేసుకుని పట్టుకునేవాళ్ళు. కోటమ్మ ఎనిమిదికి పావుగంట ముందే కంపెనీ గేటు దగ్గర ఉంటోందని విన్నాను.

మాది మూడో వార్డు. ప్రకటన శాతం వంద. ఆదివారం పొద్దున మా ఆవిడ రెండు ప్లాస్టిక్ బిందెలు నా చేతికిచ్చి, "ఫైళ్ళు తెచ్చినట్టే ఇవి కూడా తీసుకురండి" అని పంపించింది. ఎక్కడికి పోవాలో చెప్పలేదు. చెప్పకపోయినా నాకు తెలుసు.

ఆరు దాటి పది నిమిషాలకు స్కూటరు ఏడో వార్డు సందులో ఆపాను. కుళాయి నిండుగా పోస్తోంది. కోటమ్మ పట్టుకుంటోంది. ఆమె వెనక కమిషనర్ గారి డ్రైవరు నాలుగు క్యాన్లతో నిలబడి ఉన్నాడు. నన్ను చూసి మొహం అటు తిప్పుకున్నాడు. నేనూ చూడనట్టే అతని వెనక నిలబడ్డాను.

"ఏం గావాల గుమాస్తా గారూ?" అంది కోటమ్మ.

"రెండు బిందెలు నీళ్ళు."

"మా వార్డుకు రావని మీరే టైపు కొట్టారంటగా?"

"కొట్టాను."

కోటమ్మ నన్ను ఒక నిమిషం ఎగాదిగా చూసింది. తన బిందె పక్కకు జరిపి, నా చేతిలోవి లాక్కుని, రెండూ నింపింది. స్కూటరు మీద పెట్టడానికి కూడా సాయం పట్టింది. నేను బండి తిప్పుకుంటుంటే వెనక నుంచి పిలిచి, తన భుజం మీది పాత తువ్వాలు విసిరింది.

"కప్పుకుని తీసకపోండి. ఎవురన్నా జూస్తే నీళ్ళనుకుంటారు."